మృగశిర రాకముందే గోమార్ల పని పట్టండి: ఓరుగల్లు కుక్కలు, పిల్లులకు వానాకాలం జాగ్రత్తలు

రోహిణి ఎండలకు కుక్క ఫ్యాన్ కింద బండల మీద పడుకొని పిలిచినా లేవదు చూడండి, దానికి గోమార్ల (రక్తం తాగే పిడుదుల) మందు మొదలుపెట్టాల్సింది సరిగ్గా అప్పుడే. మన దగ్గర చాలామంది జూలైలో, ముసురు పట్టాక, చెవి వెనక చేతికి గట్టిగా ఏదో తగిలితే అప్పుడు మెడికల్ షాపుకు ఉరుకుతారు. అప్పటికే ఒక తరం గోమార్లు మీ ఇంటి గోడల్లో గుడ్లు పెట్టేసి ఉంటాయి. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, అసలు మంద అంతా ఇంట్లోనే ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

గోమార్లు వానాకాలం బెడద మాత్రమే అని మన పెద్దవాళ్లు అనుకున్నారంటే దానికి కారణం ఉంది. అప్పుడు కుక్క వాకిట్లో ఉండేది, చలికాలం రాగానే పురుగులు తగ్గేవి. ఇప్పుడు హన్మకొండ అపార్ట్‌మెంట్లలో కుక్క సోఫా మీద పడుకుంటోంది. డిసెంబరులో బయట ఎంత చలి ఉన్నా హాల్లో మాత్రం వెచ్చగానే ఉంటుంది. మన కుక్కలను పట్టే గోధుమరంగు గోమారుకు పుట్టుక నుంచి చావు దాకా ఇంట్లోనే గడపగల లక్షణం ఉంది, దానికి గడ్డీ చెట్లూ అక్కర్లేదు. దీనికి తోడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్, ఊరెళ్లినప్పుడు నాలుగు రోజులు బోర్డింగ్, గేటు దగ్గర వీధి కుక్కలతో స్నేహం. ఇంకో సంగతి, వేడి బాగా పెరిగితే ఈ గోమారు కుక్కను వదిలి మనుషులను పట్టడం ఎక్కువవుతుందని పరిశోధనల్లో తేలింది. మన మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

గోడ వైపు చూడండి

రక్తం తాగి బూడిద రంగులో ఉబ్బిన ఆడ గోమారు కుక్క మీద నుంచి రాలిపోతుంది. రాలింది నేల మీదే ఉండిపోదు, పైకి ఎక్కుతుంది. గోడకు వేలాడే క్యాలెండర్ వెనక్కి, స్విచ్‌బోర్డు అంచులోకి, తలుపు చౌకట్టుకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి చేరుతుంది. అక్కడ నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లలు గసగసాల గింజంత ఉంటాయి, ఆరే కాళ్లు. కుక్క మీదికి ఎక్కి తాగుతాయి, రాలిపోతాయి, మళ్లీ సందులోకి వెళ్లి ఇంకాస్త పెద్దవై వస్తాయి. పెద్దయ్యే లోపల ఇలా రెండుసార్లు రాలి మళ్లీ ఎక్కుతాయి. అనుకూలంగా ఉంటే రెండు మూడు నెలల్లో ఒక తరం పూర్తి. అందుకే ఒక్కసారి మందు వేసి "ఆ, పోయినయ్" అనుకున్న ఇళ్లలో నెల తిరక్కుండానే మళ్లీ కనిపిస్తాయి. మందు పనిచేయలేదని షాపువాణ్ని తిట్టుకుంటాం. మందు పనిచేసింది, గోడలో ఉన్నవాటికే అది అందలేదు.

కాబట్టి ఇంటి పని కూడా ఉంటుంది. కుక్క పడుకునే చోటికి దగ్గర్లో ఉన్న పగుళ్లను వైట్ సిమెంటుతో పూడ్చండి. దాని దుప్పటిని వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పురుగులు ఎక్కువైతే పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిపించి, రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి కొట్టించండి. గుడ్ల మీద మందు అంతగా పనిచేయదు, అవి పగిలాక వచ్చిన పిల్లలకు రెండో దెబ్బ కావాలి. స్ప్రే కొట్టే రోజు పిల్లిని, కుక్కను వేరే ఇంట్లో ఉంచండి, చేపల తొట్టి ఉంటే అదీ తీసేయండి.

రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు కుక్క ఒంటిని వేళ్లతో వెతకాలి. కళ్లతో చూస్తే బొచ్చులో దొరకవు, వేళ్లకే తగులుతాయి. చెవి లోపలి మడత, బెల్టు కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు వెతికాక చివరికి కాలి వేళ్ల మధ్య చూడండి. అక్కడ నాలుగు గోమార్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కొని ఉంటాయి, కుక్క ఊరికే పాదం నాకుతుంటే అనుమానం రావాల్సింది అందుకే. హస్కీలు, షిట్జూల లాంటి దట్టమైన బొచ్చు కుక్కలకైతే ఈ వెతుకులాటకు ఇంకో పది నిమిషాలు కలుపుకోండి.

దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలితిప్పకుండా నెమ్మదిగా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. గోమారుకు ఇబ్బంది కలిగితే లోపలిది కుక్క రక్తంలోకే కక్కే ప్రమాదం ఉంది. గోళ్ల మధ్య నలిపేయడం మనవాళ్లకు భలే అలవాటు, అదీ వద్దు. తీసినదాన్ని స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయండి. కింద పడేస్తే కుక్క నాకి మింగవచ్చు. హెపటోజూన్ అనే జబ్బు గోమారు కుట్టడం వల్ల కాదు, దాన్ని మింగడం వల్లే వస్తుంది.

ముక్కు నుంచి రక్తం వస్తే ఎండదెబ్బ అనుకోవద్దు

"అన్నా, మా టామీకి ముక్కులకెళ్లి రక్తం కారుతంది, ఎండదెబ్బ తగిలినట్టుంది" అని మేలో తరచూ వింటాం. మజ్జిగ తాపి, తడిగుడ్డ వేసి రెండు రోజులు చూస్తారు. అది గోమార్లు అంటించే ఎర్లీకియా అనే జబ్బు కావచ్చు. గోమారు అంటుకున్న కొన్ని గంటల్లోనే ఈ క్రిమి కుక్క ఒంట్లోకి చేరగలదు. తెల్ల కణాల్లో కాపురం పెట్టి, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. జ్వరం, తిండి మానేయడం, మూలకు చేరి పడుకోవడం, పొట్ట మీద చర్మం కింద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం. కొన్ని కుక్కలు మొదటి జ్వరం తట్టుకొని నెలల తరబడి బాగానే కనిపిస్తాయి, తర్వాత ఒక్కసారిగా చిక్కిపోతాయి. గోమార్లు ఇప్పుడు కనిపించడం లేదు కాబట్టి ఈ జబ్బు కాదు అనుకోవడం అందుకే తప్పు.

గోమార్లు అంటించే జబ్బుల్లో బబీసియా ఇంకోటి. ఇది నేరుగా ఎర్ర కణాలనే పగలగొడుతుంది. మూత్రం డికాక్షన్ రంగులోకి మారుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. కుక్క బాగున్నప్పుడే దాని పైపెదవి ఎత్తి చిగురు రంగు చూసి పెట్టుకోండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అసలు రంగు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే పాలిపోయిన రోజు తేడా తెలుస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్త పరీక్ష చేయించమని మీరే అడగండి, ప్లేట్‌లెట్ల లెక్కతో పాటు రక్తపు చుక్కను స్లైడు మీద మైక్రోస్కోపుతో కూడా చూడమనండి. ఎర్లీకియాకు మామూలుగా డాక్సీసైక్లిన్ ఇస్తారు, దాదాపు 28 రోజులు. బబీసియా మందులు వేరు, రెండూ ఒకేసారి ఉండవచ్చు, కాబట్టి పక్కింటి కుక్కకు రాసిన చీటీ మీ కుక్కకు పనికిరాదు. నాలుగో రోజుకే కుక్క తోక ఊపి అన్నం తింటుంది, ఆ సంతోషంలో గోళీలు ఆపేసేవాళ్లు చాలామంది. ఆపొద్దు. గోళీ తిండితో పాటే వేయండి, ఖాళీ కడుపున కక్కేస్తుంది. జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి, మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, కాబట్టి పరీక్షలకు హైదరాబాద్ దాకా పోవాల్సి వస్తుందని ముందే టెన్షన్ పడకండి.

మందు ఎంచుకునేటప్పుడు

నెలకో గోళీ, పన్నెండు వారాలు పనిచేసే గోళీ, మెడ వెనక చర్మం మీద వేసే చుక్కలు, కాలర్, స్ప్రే, ఇలా చాలా దొరుకుతున్నాయి. నా లెక్కలో, స్నానం ఎక్కువ చేయించే ఇంట్లో, వానలో తడిసే కుక్కకు గోళీయే నయం. చుక్కల మందు వేసేముందు, వేశాక రెండు రోజులు తడవకుండా చూడాలి, ఆగస్టులో అది అయ్యే పని కాదు. అయితే ఫిట్స్ వచ్చే కుక్కకు అఫాక్సోలానర్, ఫ్లురలానర్ రకం గోళీలు డాక్టర్‌ను అడగకుండా వేయవద్దు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో వీటి మీద ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. ఏ మందైనా బరువును బట్టే, కాబట్టి తూకం వేయించండి. పెద్ద కుక్క గోళీని ముక్కలు చేసి రెండు కుక్కలకు పంచడం పొదుపు కాదు.

పల్లెల్లో బర్లకు కొట్టే బ్యూటాక్స్‌ను అందాజాగా బకెట్లో కలిపి కుక్కను ముంచుతారు. మోతాదు చాలకపోతే పురుగు చావదు, ఎక్కువైతే కుక్క నురగలు కక్కుతుంది. గొర్ల ఐవర్‌మెక్టిన్ సూది కూడా అంతే, కోలీ జాతి కుక్కలకైతే ప్రాణం మీదికి వస్తుంది. ఫినాయిల్ స్నానం, దుప్పట్లో డాంబర్ గోలీలు, తిండిలో వెల్లుల్లి, ఈ మూడూ విషాలే.

పిల్లి ఉన్నవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లికి తగలకూడదు. దాని కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు, వణుకు మొదలై ఫిట్స్‌లోకి వెళ్తుంది. కుక్కకు ఆ మందు వేసిన రోజు, ఒళ్లు ఆరేదాకా రెండింటినీ ఒకేచోట పడుకోనివ్వకండి. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మట్టి ట్రేను ఇంకెవరైనా, రోజూ శుభ్రం చేయాలి. అందులోని టాక్సోప్లాస్మా గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకే రోజూ తీయడం ముఖ్యం.

నట్టల మందు

తడి మట్టిలో కొంకి పురుగు (పేగుల్లో రక్తం తాగే హుక్‌వార్మ్) పిల్లలు బతుకుతాయి, పాదాల చర్మంలోంచి లోపలికి వెళ్తాయి. తల్లి పాల ద్వారా కూనలకూ వస్తాయి. కూన పొట్ట ఉబ్బి, చిగుళ్లు తెల్లబడి, పెంట తారులా నల్లగా వస్తే గంటల్లో డాక్టర్‌కు చూపించాలి. కూనలకు రెండు వారాల వయసు నుంచే నట్టల మందు మొదలవుతుంది, రెండు వారాలకోసారి పాలు మానేదాకా, తర్వాత ఆరో నెల వరకు నెలకోసారి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకొని ఉంటే అది బద్దె పురుగు. బొచ్చులో గెంతే చిన్న పురుగులైన ఫ్లీలను మింగితే వస్తుంది, కాబట్టి పురుగు మందుతో పాటు ఫ్లీలకూ మందు వేయాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. పిల్లలు చెప్పులు లేకుండా ఆడే ఖాళీ ప్లాటులో మీ కుక్క పెంటను కవర్లో ఎత్తేయండి.

నీళ్లు నిలిచిన కాలనీలు ఇంకో విషయం చూసుకోవాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ వీధులు ఎలా మునిగాయో చూశాం. ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, లెప్టోస్పైరోసిస్ దానివల్లే. అది పురుగు కాదు, బ్యాక్టీరియా, కానీ సీజను ఇదే. దానికి టీకా ఉంది, ఏడాదికోసారి వేయించాలి. గుంట నీళ్లు తాగనివ్వకండి.

ఆషాఢం, శ్రావణం అంటే బోనాలు, తర్వాత దసరా. యాట కోసిన చోట కాలేజం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే పనికిరాదని కుక్కకు విసిరేస్తారు. అది మామూలు చూపుకు జాలిగా కనిపించినా, ఆ బుడగల్లో ఉన్నది హైడాటిడ్ పురుగు పిల్లలే. కుక్క పేగుల్లో అవి పెద్దవై, ఆరేడు వారాలకు కంటికి కనిపించని గుడ్లు పెంటతో బయటికి వస్తాయి. బొచ్చుకు అంటుకొని మన చేతికీ, నోటికీ చేరితే మన కాలేయంలో అవే బుడగలు ఏళ్ల తరబడి పెరుగుతాయి, చివరికి ఆపరేషన్. బుడగలున్న ముక్కను లోతుగా పూడ్చండి లేదా కాల్చేయండి. మిగతాది వేయాలనుకుంటే కనీసం అరగంట ఉడికించి వేయండి. పచ్చి మాంసం తిన్న కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందే కావాలి, అన్నింట్లో అది ఉండదు, సీసా మీద పేరు చదివి కొనండి. కాలనీలో నలుగురు కలిస్తే వీధి కుక్కలకు కూడా డాక్టర్ సలహాతో రొట్టెలో పెట్టి వేయవచ్చు, పండుగకు మూడు వారాలు దాటాక ఒకసారి, ఇంకో నెలకు ఇంకోసారి.