రాత్రిపూట అపార్టుమెంటు మెయిన్ ట్రిప్ అవుతోందా? ముందు మూడు ఫేజులూ కొలవండి

నెల్లూరు, ఒంగోలు అపార్టుమెంట్లలో విద్యుత్ కార్లు ఐదారుకు చేరగానే తరచుగా కనిపించే లక్షణం ఇది. పగలంతా ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి కార్లకు ఛార్జింగు పెట్టి, ఏసీలు వేసుకున్న అరగంటకో గంటకో మీటరు బోర్డులోని మెయిన్ బ్రేకరు ట్రిప్ అవుతుంది. ఆన్ చేసిన వెంటనే పడిపోతే షార్ట్ సర్క్యూట్ వెతకాలి; ఇలా తీరిగ్గా పడిపోతే ఓవర్‌లోడుతో వేడెక్కుతోందని అర్థం. పెద్ద బ్రేకరు బిగించమని ఎవరు చెప్పినా వినకండి, ఆ తర్వాత కాలేది కేబులే.

ఎక్కువమంది మొత్తం లోడును మాత్రమే లెక్కవేసి, సరిపోతుందని తేల్చి, ఛార్జరును అనుమానిస్తారు. నేనూ ఒకసారి అలాగే మోసపోయాను. నెల్లూరులో ఒక అపార్టుమెంటుకు 100 ఆంపియర్ల త్రీఫేజు మెయిన్ ఉంది, అంటే ఆర్, వై, బీ అనే మూడు ఫేజు లైన్లలో ఒక్కోదానికి 100 ఆంపియర్లు, మొత్తం దాదాపు 69 కిలోవాట్లు. ఆరు కార్లకు తలా 3.3 కిలోవాట్ల చొప్పున 20 కిలోవాట్లు కూడా కావు. రెండు రోజులు ఉదయంపూట వెళ్లి చూసినా ఏ లోపమూ దొరకలేదు. మూడోరోజు రాత్రి పదిన్నరకు టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) పెడితే ఆర్ ఫేజులో 118, వైలో 41, బీలో 36 ఆంపియర్లు చూపించింది. మీటర్లకు వరుసకొక ఫేజు ఇచ్చారు. ఆరు కార్లలో ఐదు, ఆర్ ఫేజు ఇచ్చిన పై వరుస మీటర్లవే. ఒక్కో కారు సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది, దానికి ఆ ఇళ్ల ఏసీలు తోడయ్యాయి, పైగా మే నెల ఉక్కకు బోర్డు పెట్టె లోపల బ్రేకరు మరింత త్వరగా వేడెక్కింది.

రెండు ఇళ్ల మీటర్లను చెరొక ఫేజుకు మార్పించాక అవే అంకెలు 76, 62, 57 అయ్యాయి. మీటరుకు ముందున్న సీలును మీ ఎలక్ట్రీషియను తీయకూడదు. కరెంటాఫీసులో దరఖాస్తు ఇచ్చి వారి సిబ్బంది సమక్షంలోనే మార్పించాలి. కొలత మాత్రం కార్లు ఛార్జింగులో ఉన్నప్పుడే తీయాలి.

కార్లు ఇంకా పెరిగితే సమయాలను పంచుకోండి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు, అంటే సుమారు రెండు గంటల ఛార్జింగు చాలు కాబట్టి, సగం కార్లకు పదింటికి, మిగతా సగానికి ఒంటిగంటకు టైమరు పెట్టవచ్చు. అందరూ ఒకే గంటకు పెట్టుకుంటే టైమరు వల్ల లాభం లేదు. మూడు ఫేజులూ సమంగా ఉండి కూడా మెయిన్ పడిపోతుంటే అదనపు లోడుకు దరఖాస్తు చేయండి. ఛార్జరులోనే లోపం ఉండడం అరుదు. వానకు సాకెట్టులో తడి చేరితే పడిపోయేది మెయిన్ కాదు, ఆ పాయింటు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే బ్రేకరు).