పాత సైనిక క్లోక్ లేదా కేపు (భుజాల మీంచి కప్పుకునే చేతుల్లేని వస్త్రం) కొనేముందు జాగ్రత్తలు

– ముందు నైట్రైల్ గ్లౌజులు, మాస్కు. పాత ఉన్నికి చిమట పట్టకుండా ఆర్సెనిక్, డీడీటీ వాడేవారు. అవి ఇంకా బట్టలోనే ఉండొచ్చు.

– చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. కుట్టుదారం, లేబుల్ నీలితెలుపుగా మెరిస్తే అది పాతది కాదేమోనని అనుమానించాల్సిందే. ఆ మెరుపు తెచ్చే రసాయనాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. అయితే కొత్త డిటర్జెంటుతో ఉతికినా బట్ట అలాగే మెరుస్తుంది. అందుకే పైపైన చూసి తేల్చేయకండి. కాలర్ అడుగున, లైనింగ్ మడతలో చూడండి.

– యజమాని ఒప్పుకుంటే లోపలి అంచు నుంచి ఒక్క పోగు తీసి కాల్చండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. కరిగి గట్టి పూసలా మారితే పాలిస్టర్ లాంటి కృత్రిమ దారం.

– బొత్తాలను బట్టి కాలం నిర్ణయించకండి, అవి తేలిగ్గా మారిపోతాయి. బ్రిటిష్ కేపుల మీద ప్రభుత్వ సొత్తుకు గుర్తుగా వేసే బాణం ముద్రను కూడా నకలు చేస్తారు.

– కొన్నాక మిగతా సేకరణలో కలపకముందే, చిమట పురుగులు చచ్చేలా గాలి తీసిన సంచిలో మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు ఆగి విప్పండి, లేకపోతే బట్టకు తేమ పడుతుంది. రబ్బరు పూత కేపులకు ఈ పద్ధతి వద్దు, పూత పగులుతుంది.

– బరువైన క్లోక్‌ను సన్నని హ్యాంగర్‌కు తగిలించకండి. కాలర్ దగ్గర చిరుగుతుంది.