ఫైబర్ పూల్ సంరక్షణ – 4వ పాఠం: గోడ మీది మరకను గుర్తుపట్టడం

పోయిన పాఠంలో టెస్ట్ కిట్‌తో నీళ్లు చూడటం నేర్చుకున్నాం. పీహెచ్ 7.2 నుంచి 7.6, ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం. వారం రోజులు రాసిపెట్టుకోమన్న అంకెల కాగితం పక్కన పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది. లెక్కలకు వెనకటి పాఠాల్లోని పూల్‌నే తీసుకుందాం: 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. మొత్తం 21,600 లీటర్లు.

ఈసారి గోడ దగ్గరకు వద్దాం.

ఫైబర్ పూల్ అంటే నేలలో దించిన ఫైబర్‌గ్లాస్ తొట్టి. అందులో కాలికి తగిలే నున్నటి పొరను జెల్‌కోట్ అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరే. ఆ నునుపు వల్లే పాచికి పట్టు దొరకదు, నైలాన్ బ్రష్ తగిలితే చాలు ఊడి వచ్చేస్తుంది. సిమెంటు పూల్ అలా కాదు. గోడ గరుకుగా ఉంటుంది, పాచి లోపలికి దిగుతుంది, అందుకే అక్కడ గట్టి బ్రష్షులు, యాసిడ్ వాష్ వాడతారు. మన దగ్గర పనివాళ్లలో ఎక్కువమంది సిమెంటు పూల్స్ మీద చెయ్యి తిప్పుకున్నవాళ్లే. అదే పద్ధతి ఇక్కడా చేస్తే జెల్‌కోట్ పోతుంది. ఒకసారి పోయిన మెరుపు తోమితే తిరిగి రాదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో శంకర్‌పల్లి వైపు ఒక ఫామ్‌హౌస్ పూల్‌లో మెట్టు మీద గోధుమ రంగు మరకను స్టీల్ పీచుతో తోమాను. మరక సగం పోయింది, మెట్టు మెరుపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఏటా ఎండాకాలంలో పాచి మొదట పట్టేది ఆ మెట్టు మీదే. ఆ మరక తుప్పుదని, దానికి తోమడమే అక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. ఈ పాఠం రాయడానికి కారణం అదే. చేతిలోకి బ్రష్ తీసుకునే ముందు మరక దేనిదో తెలియాలి.

మొదట నీళ్ల అంచున కట్టే గీత చూద్దాం. వేలితో రాసి చూడండి. వేలికి జారుడుగా తగిలితే అది జిడ్డు. తలకు పెట్టుకున్న కొబ్బరినూనె, ఒంటికి రాసుకున్న క్రీములు నీళ్ల మీద తేలి గోడకు అంటుకున్నవి. తడి స్పాంజి మీద కొంచెం వంటసోడా వేసుకుని మెల్లగా తుడిస్తే వచ్చేస్తుంది. వేలికి గరుకుగా తగిలితే అది గార. గీజర్ రాడ్‌కు పట్టేదే ఇక్కడ గోడకు పట్టింది. బోరు నీళ్లలో ఉన్న కాల్షియం, పీహెచ్ 7.8 దాటి అలాగే ఉంటే, అంచున తెల్లగా పేరుకుంటుంది. దాని మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. బుస్సుమని చిన్న బుడగలు లేస్తే గారే, అనుమానం లేదు. బ్యాక్‌వాష్ చేసి, అంటే ఫిల్టర్‌లో నీళ్లను వెనక్కి తిప్పి బయటికి వదిలి, నీటిమట్టం నాలుగు అంగుళాలు దించండి. వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి గీతకు పది నిమిషాలు అదిమి ఉంచి, తర్వాత తుడవండి. మొండిగా ఉంటే మళ్లీ అదే చేయండి, బలం మాత్రం పెంచకండి. ఒక్క జాగ్రత్త: క్లోరిన్ కలిపిన బకెట్‌లో వెనిగర్ గానీ, ఏ యాసిడ్ గానీ పోయకూడదు. విషవాయువు వస్తుంది.

ఇక అడుగున, మెట్ల మీద కనిపించే గోధుమ, ఎరుపు మరకలు. మెడికల్ షాపులో రంగు కలపని తెల్లటి విటమిన్ సి మాత్ర దొరికితే తెచ్చుకోండి. మరక నీళ్లలో ఉండగానే మాత్రను దాని మీద పెట్టి, వేలితో నొక్కి అర నిమిషం ఉంచండి. తీసి చూస్తే మాత్ర ఆనినంత మేర గుండ్రంగా తెల్లబడి ఉంటే అది ఇనుము, అంటే తుప్పు. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక పక్కన ఇంకో మాత్ర పెట్టి చూశాను. అక్కడా అంతే, రూపాయి బిళ్లంత తెల్లటి చుక్క.

మరక అంతటా ఉంటే మాత్రలు చాలవు. ఆస్కార్బిక్ యాసిడ్ పొడి తెచ్చుకోవాలి. ముందు క్లోరిన్ వేయడం ఆపి అది దాదాపు సున్నాకు దిగనివ్వండి, లేకపోతే వేసిన పొడిని క్లోరినే తినేస్తుంది. మన 21,600 లీటర్లకు 125 గ్రాములతో మొదలుపెట్టి, పంపు నడుస్తుండగా మరకల దగ్గర చల్లండి. పీహెచ్ దిగుతుంది కాబట్టి మర్నాడు కొలిచి సరిచేయండి. కరిగిన ఇనుము నీళ్లలోనే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే మెటల్ సీక్వెస్ట్రెంట్ వేశాకే క్లోరిన్‌ను కొంచెం కొంచెంగా పెంచండి. ఒకేసారి వేస్తే మరక మళ్లీ గోడెక్కుతుంది.

మరక చిలుము రంగులో, నీలం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటే అది రాగి. పాచి పోవడానికని ఎవరైనా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేశారేమో అడగండి. విటమిన్ సికి కదలకపోతే నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) గుడ్డలో మూటకట్టి అదిమి చూడండి. అడుగున రంగు వెలిసిన మచ్చలుంటే మాత్రం అవి మరకలు కావు. క్లోరిన్ గుళికలు కరగకుండా అక్కడ పడి జెల్‌కోట్ రంగును తినేశాయి. అందుకే ముందు బకెట్ నీళ్లలో కరిగించాలని రెండో పాఠంలో అంతగా చెప్పాను.

ఇంత చేసినా పోని మరకకు "నీళ్లన్నీ తోడేసి కడుగుదాం సార్" అంటారు. ఒప్పుకోకండి. 21,600 లీటర్లంటే 21 టన్నులకు పైగా బరువు. ఆ బరువే తొట్టిని నేలలో అణచి ఉంచుతోంది. వానాకాలంలో చుట్టూ నేల నీళ్లతో నిండి ఉన్నప్పుడు పూల్ ఖాళీ చేస్తే, ఖాళీ బిందె నీళ్లలో తేలినట్టు తొట్టి పైకి లేస్తుంది, లేదా గోడ లోపలికి ఉబ్బుతుంది. రిపేరు కోసం తప్పనిసరిగా ఖాళీ చేయాల్సి వస్తే ఫైబర్ పూల్స్ బిగించే అనుభవం ఉన్నవాళ్లు దగ్గరుండాలి, భూగర్భ నీటిమట్టం చూసుకోవాలి, లోపల గోడలకు ఊతం పెట్టాలి. మరక కోసం ఆ పని ఎన్నడూ చేయకండి.

ఇంటి పని: తెల్లటి ప్లాస్టిక్ బకెట్ నిండా మీ బోరు నీళ్లు పట్టండి. చిటికెడు క్లోరిన్ గుళికలు కరిగించి రాత్రంతా నీడలో, పిల్లలకు అందకుండా ఉంచండి. పొద్దున నీళ్లు టీ రంగుకు తిరిగినా, అడుగున ఎర్రటి మడ్డి దిగినా మీ బోరులో ఇనుము ఉన్నట్టే. ఆ ఫలితాన్ని అంకెల కాగితం మీదే, తేదీతో సహా రాసుకోండి. వచ్చే పాఠం శాండ్ ఫిల్టర్ గురించి. బ్యాక్‌వాష్ ఎన్నాళ్లకోసారి చేయాలన్నది ఆ కాగితం చూసే తేలుస్తాం.