జర్మన్ ఉపవాక్యంలో క్రియ ఎక్కడ పెట్టాలి: తెలుగు మీదుగా నేరుగా వెళ్ళే దారి

జర్మన్‌లో ఏ2 స్థాయికి (యూరప్ భాషా స్థాయిల్లో రెండో మెట్టు) వచ్చేసరికి చాలామంది తడబడే చోటు ఒకటుంది. అప్పటిదాకా వాక్యంలో రెండో స్థానం వదలని క్రియ ‘వైల్’ (గనక), ‘డస్’ (అని), ‘వెన్’ (-తే) లాంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో, అంటే ప్రధాన వాక్యానికి అనుబంధంగా వచ్చే చిన్న వాక్యంలో, చివరికి వెళ్ళిపోతుంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకునేవాళ్ళకు ఇది తలకిందుల వ్యవహారమే. తెలుగువాళ్ళకు మాత్రం కాదు. క్రియను చివర పెట్టి మాట్లాడటం మనకు చిన్నప్పటినుంచీ అలవాటే.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. జర్మన్ మాటల్ని పలికే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో ఇస్తున్నాం.

అతను రేపు వస్తాడని నాకు తెలుసు.
ఇష్ వైస్, డస్ ఎర్ మోర్గెన్ కొమ్ట్.

‘ఎర్’ అంటే అతను, ‘మోర్గెన్’ అంటే రేపు, ‘కొమ్ట్’ అంటే వస్తాడు. ఉపవాక్యం లోపల మాటల వరుస అచ్చం తెలుగే. మన ‘అని’ చివర అతుక్కుంటుంది, జర్మన్ ‘డస్’ మొదట్లో నిలబడుతుంది. తేడా అంతే. కాబట్టి చేయాల్సిన పని క్రియను కదపడం కాదు, చివరనున్న ‘అని’ని తెచ్చి ముందు పెట్టడం. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని దాన్ని జర్మన్‌లోకి మార్చబోతే క్రియ మధ్యలో ఇరుక్కుంటుంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే అది దాని చోట్లో అదే పడుతుంది.

ఏ తెలుగు తోకకు ఏ జర్మన్ మాట

‘అని’కి డస్. ‘కాబట్టి’, ‘గనక’లకు వైల్. ‘వస్తే’, ‘వెళ్తే’లో ఉన్న ‘-తే’కి వెన్. ‘వచ్చినా’లోని ‘-ఇనా’కి ఓప్‌వోల్. ‘వచ్చేలా’ అని ఉద్దేశం చెప్పేటప్పుడు డమిట్. ‘వచ్చేలోపు’కి బెఫోర్, ‘వచ్చేదాకా’కి బిస్, ‘వచ్చాక’కి నాఖ్‌డేమ్. ‘ఉందో లేదో’ అనే అనుమానానికి ఒప్. వాక్యం మధ్యలో ఈ మాటల్లో ఏది వచ్చినా దాని ముందు కామా ఉండాలి, ఉపవాక్యం చివర కర్తకు తగ్గట్టు మారిన క్రియ ఉండాలి. జర్మన్‌లో ఈ కామా ఐచ్ఛికం కాదు, పెట్టకపోతే తప్పే.

‘వెన్’ దగ్గర కొంచెం ఆగాలి. ‘-తే’కీ, ‘వచ్చినప్పుడల్లా’కీ అదే మాట. కానీ గతంలో ఒక్కసారే జరిగిన సంగతికి ‘వెన్’ పనికిరాదు, ‘అల్స్’ వాడాలి. ‘నేను జర్మనీ వచ్చినప్పుడు’ అంటే ‘అల్స్ ఇష్ నాఖ్ డాయిచ్‌లాంట్ కామ్’. ‘ఎప్పుడు’ అని అడిగే మాట ‘వన్’. ఇది ‘వెన్’కు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి పలికేటప్పుడు ‘అ’, ‘ఎ’ తేడా గట్టిగా చూపించండి.

ఒక వాక్యాన్ని మొదటినుంచీ కడదాం

‘సోమవారం రాలేను, మా అమ్మాయిని కిండర్‌గార్టెన్ నుంచి తీసుకురావాలి గనక.’ జర్మనీలో ఉంటే ఆఫీసులో ఈ మాట చెప్పాల్సిన రోజు వస్తుంది.

ముందు ప్రధాన వాక్యం రాయండి: ఇష్ కన్ అమ్ మోన్‌టాక్ నిష్ట్ కొమ్మెన్. కామా పెట్టండి. ఇప్పుడు తెలుగు ఉపవాక్యం చివరనున్న ‘గనక’ను తీసి, దాని బదులు ‘వైల్’ అని ముందు రాయండి. ఆ వెంటనే కర్త, ‘ఇష్’. తెలుగులో ‘నేను’ అనకపోయినా నడుస్తుంది, జర్మన్‌లో నడవదు. ఆ తర్వాత తెలుగు వరుసలోనే ముందుకు వెళ్ళండి. మా అమ్మాయిని: మైనె టొఖ్టర్. కిండర్‌గార్టెన్ నుంచి: ఫొమ్ కిండర్‌గార్టెన్. తీసుకురా: అప్‌హోలెన్. వాలి: ముస్.

ఇష్ కన్ అమ్ మోన్‌టాక్ నిష్ట్ కొమ్మెన్, వైల్ ఇష్ మైనె టొఖ్టర్ ఫొమ్ కిండర్‌గార్టెన్ అప్‌హోలెన్ ముస్.

చివరి రెండు మాటలు చూడండి. ‘తీసుకురా’ ముందు, ‘వాలి’ తర్వాత. ‘అప్‌హోలెన్’ ముందు, ‘ముస్’ తర్వాత. ‘అప్‌హోలెన్ ముస్’ అనాలా, ‘ముస్ అప్‌హోలెన్’ అనాలా అని ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఆలోచనలో పడతారు. తెలుగులో ‘వాలి తీసుకురా’ అని ఎవరూ అనరు, అదొక్కటి గుర్తుంటే చాలు. ‘రాలేను’ కూడా అంతే: ‘నిష్ట్ కొమ్మెన్ కన్’. గతకాలంలోనూ సహాయక్రియదే ఆఖరి చోటు. ప్రధాన వాక్యంలో ‘ఇష్ హాబె డేన్ బుస్ ఫెర్‌పస్ట్’, బస్సు తప్పిపోయింది. ఉపవాక్యంలో ‘వైల్ ఇష్ డేన్ బుస్ ఫెర్‌పస్ట్ హాబె’.

విడిపోయే క్రియలు ఉపవాక్యంలో మళ్ళీ ఒక్కటవుతాయి. ‘డేర్ త్సూక్ ఫేర్ట్ ఉమ్ అఖ్ట్ అప్’, అంటే రైలు ఎనిమిదింటికి బయల్దేరుతుంది. ఇందులో ‘ఫేర్ట్’ ఒకచోట, ‘అప్’ ఇంకోచోట ఉన్నాయి. అదే స్టేషన్లో ఒకరిని అడిగేటప్పుడు: ‘క్యోనెన్ జీ మియర్ జాగెన్, వన్ డేర్ త్సూక్ అప్‌ఫేర్ట్?’ విడిగా ఉన్న ‘అప్’ వచ్చి క్రియకు అంటుకుంది, ఒకే మాటగా రాయాలి. ఈ వాక్యంలో ‘వైల్’, ‘డస్’ లేవు, ‘వన్’ అనే ప్రశ్నమాటే కలిపే పని చేసింది. తెలుగులో ‘ఎప్పుడు బయల్దేరుతుందో’ అంటూ చివర ‘ఓ’ చేర్చే ప్రతిచోటా జర్మన్‌లో ఇలాగే క్రియ చివరికి వెళ్తుంది. ఇల్లు వెతుక్కునేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చే వాక్యం ఇదే కోవలోది: ‘ఇష్ వొల్టె ఫ్రాగెన్, ఒప్ డీ వోనుంగ్ నొఖ్ ఫ్రై ఇస్ట్.’ ఇల్లు ఇంకా ఖాళీగా ఉందో లేదో అడుగుదామని. మెయిల్‌లో మొదటి వాక్యంగా దీన్ని అలాగే పెట్టొచ్చు.

తెలుగువాళ్ళు ప్రత్యేకంగా చేసే తప్పులు

వీటిలో పెద్దది ‘కాబట్టి’ తెచ్చిపెట్టేది. తెలుగులో ‘ఒంట్లో బాగాలేదు కాబట్టి రాను’ అంటాం. ‘కాబట్టి’ రెండు వాక్యాల మధ్యలో వినిపిస్తుంది. అదే చోట ‘వైల్’ పెట్టేస్తే ‘ఇష్ బిన్ క్రంక్, వైల్ ఇష్ నిష్ట్ కొమ్మె’ అవుతుంది. వ్యాకరణం తప్పులేదు, అర్థమే తిరగబడింది: రావడం లేదు కాబట్టి జబ్బు చేసిందని. ‘వైల్’ ఎప్పుడూ కారణం ముందే ఉండాలి, ఫలితం ముందు కాదు. ఒంట్లో బాగాలేకపోవడం కారణం, కాబట్టి ‘వైల్ ఇష్ క్రంక్ బిన్’. ఫలితాన్ని తర్వాత చెప్పాలనుకుంటే ‘డెస్‌హల్ప్’ ఉంది, మన ‘అందుకే’కి సమానం: ‘ఇష్ బిన్ క్రంక్, డెస్‌హల్ప్ కొమ్మె ఇష్ నిష్ట్.’ ఇది ఉపవాక్యం కాదు. ‘డెస్‌హల్ప్’ వెంటనే క్రియ వస్తుంది. ‘అయినా సరే’ అనే ‘ట్రొట్స్‌డేమ్’ కూడా ఇదే పద్ధతి.

రెండో తప్పు, ఉపవాక్యం ముందొచ్చినప్పుడు. తెలుగులో కారణం, షరతు ముందు చెప్పడమే సహజం కాబట్టి మనం ఈ పద్ధతికే మొగ్గుతాం. ‘వైల్ ఇష్ క్రంక్ బిన్, ఇష్ కొమ్మె నిష్ట్’ అని రాస్తే తప్పు. ఆ ఉపవాక్యం మొత్తం కలిపి మొదటి స్థానం కింద లెక్క. రెండో స్థానం క్రియది కాబట్టి కామా దాటగానే క్రియే రావాలి: ‘వైల్ ఇష్ క్రంక్ బిన్, కొమ్మె ఇష్ నిష్ట్.’ ‘బిన్’, ‘కొమ్మె’ రెండు క్రియలు కామాకు అటూ ఇటూ ఆనుకుని ఉంటే మీరు సరిగ్గా రాసినట్టే.

మూడోది, క్రియ లేని తెలుగు వాక్యాలు. ‘మా అక్క టీచరని చెప్పాను.’ ఇందులో ‘టీచరు’ తర్వాత తెలుగులో క్రియ లేదు. జర్మన్‌లో ‘ఇస్ట్’ ఉండి తీరాలి, అదీ చివర్న: ‘ఇష్ హాబె గెజాక్ట్, డస్ మైనె ష్వెస్టర్ లేరెరిన్ ఇస్ట్.’ ఉపవాక్యం నామవాచకంతోనో విశేషణంతోనో ముగిసిపోతోందంటే ‘ఇస్ట్’, ‘జింట్’, ‘బిన్’లలో ఏదో ఒకటి మర్చిపోయారేమో చూసుకోండి.

ఇంకొకటి, ఉపవాక్యం అలవాటయ్యాక వస్తుంది. క్రియను అన్నిచోట్లా చివరికి తోసెయ్యడం. ‘ఉంట్’ (మరియు), ‘ఆబర్’ (కానీ), ‘ఓడర్’ (లేదా), ‘డెన్’ (ఎందుకంటే), ‘జొండర్న్’ (అది కాదు, ఇది) ఈ అయిదూ ప్రధాన వాక్యాలను కలిపినప్పుడు మాటల వరుస ఏమీ మారదు. ‘డెన్’కి అర్థం ‘వైల్’తో సమానమే అయినా ‘డెన్ ఇష్ బిన్ క్రంక్’ అనే అనాలి. అయితే ‘ఉంట్’ రెండు ఉపవాక్యాలను కలిపితే రెండింటిలోనూ క్రియ చివరే: ‘వైల్ ఇష్ క్రంక్ బిన్ ఉంట్ నిష్ట్ అర్బైటెన్ కన్.’ మొదటి క్రియ దాటగానే పని అయిపోయిందనుకుని రెండోదాన్ని మధ్యలో వదిలేయడం చాలా మామూలుగా కనబడే పొరపాటు.

స్పెల్లింగ్‌లో ఒక్క జాగ్రత్త. ‘అని’ అనే ‘డస్’కి రెండు ఎస్‌లు, ‘ఆ’ లేదా ‘అది’ అనే ‘డస్’కి ఒక్కటే. రెండూ ఒకేలా పలుకుతాయి. ‘ఇష్ వైస్, డస్ డస్ హౌస్ టొయర్ ఇస్ట్’ (ఆ ఇల్లు ఖరీదని తెలుసు) రాసేటప్పుడు మొదటిదానికే రెండు ఎస్‌లు.

క్రియ చివర లేనిచోట్లు

పోలిక చెప్పే ‘కంటే’ మాట సాధారణంగా క్రియ దాటి బయటికి వస్తుంది: ‘వైల్ జీ బెసర్ డాయిచ్ ష్ప్రిష్ట్ అల్స్ ఇష్’, ఆమె నాకంటే జర్మన్ బాగా మాట్లాడుతుంది గనక. ఇక్కడ తెలుగు వరుస సాయం చేయదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

‘చేయాల్సి వచ్చింది’ని ‘హాబెన్’తో చెప్తే ‘హాబె’ ముందుకు దూకుతుంది: ‘వైల్ ఇష్ గెస్టర్న్ హాబె అర్బైటెన్ మ్యూసెన్.’ కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు. ‘వైల్ ఇష్ గెస్టర్న్ అర్బైటెన్ ముస్టె’ అంటే అదే అర్థం, మాట్లాడేవాళ్ళు కూడా ఎక్కువగా ఇదే వాడతారు.

‘ఇష్ గ్లౌబె, ఎర్ కొమ్ట్ మోర్గెన్’ (అతను రేపు వస్తాడనుకుంటా) అని ‘డస్’ లేకుండా అనొచ్చు. ‘డస్’ పోయింది కాబట్టి క్రియ మళ్ళీ రెండో స్థానానికి వచ్చేస్తుంది. వీధిలో, టీవీలో ‘వైల్ ఇష్ బిన్ క్రంక్’ అని కూడా వినబడుతుంది. అది మాటల్లో చెల్లుతుంది, పరీక్షలోనూ ఉద్యోగం మెయిల్‌లోనూ రాయకండి.

సాధన

రాయడం వచ్చినా నోరు తిరగదు. కారణం, ‘వైల్’ అనగానే చివరి క్రియ దాకా ఊపిరి బిగబట్టాల్సి రావడం. అందుకని మొదట ‘వైల్ ఇష్’, ‘డస్ ఎర్’, ‘వెన్ ఎస్’, ‘ఒప్ జీ’ ఇలా కలిపే మాటనూ కర్తనూ ఒకే ముద్దగా నోటికి అలవాటు చేయండి. ‘ఇష్ ఫ్రొయె మిష్’ (నాకు సంతోషంగా ఉంది) లాంటి క్రియలైతే ‘మిష్’ని కూడా కర్త వెంటనే అంటించండి: ‘వైల్ ఇష్ మిష్ ఫ్రొయె’. మొదటి వారం ఉపవాక్యం నాలుగు మాటలు దాటకూడదు: వైల్ ఇష్ క్రంక్ బిన్, వెన్ ఎస్ హొయ్‌టె రేగ్నెట్. రెండో వారం మధ్యలో సమయం, చోటు చేర్చండి. మూడో వారానికి ‘ముస్’, ‘కన్’, ‘హాబె’ తీసుకురండి.

రోజుకి అయిదు తెలుగు వాక్యాలు చాలు, మీ రోజులోంచే తీసుకోండి: బస్సు ఆలస్యమైతే, ఓనరు ఫోన్ ఎత్తకపోతే. ప్రతిదాన్లో ‘అని’, ‘కాబట్టి’, ‘-తే’, ‘-ఓ లేదో’ కింద గీత గీయండి, దాని జర్మన్ మాటను తలదగ్గర రాయండి, మిగతాది తెలుగు వరుసలోనే నింపండి. రాశాక ఆ కలిపే మాట మీద వేలు పెట్టి తర్వాతి కామా లేదా ఫుల్‌స్టాప్ దాకా జరపండి. వేలు ఆగిన చోటికి ముందున్న మాట కర్తకు తగిన క్రియేనా, ‘ఇష్’ ఉంటే ‘-ఎ’తోనో, ‘బిన్’, ‘ముస్’, ‘కన్’తోనో ముగిసిందా చూడండి. కాకపోతే మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్ని కొట్టేసి చివర రాసి, వాక్యం మొత్తం పైకి చదవండి.