స్కాట్లాండ్ టౌన్‌లో ప్లానింగ్ విషయంలో మన మాట చెల్లాలంటే

లైటు స్తంభానికి ప్లాస్టిక్ కవర్లో కట్టిన ప్లానింగ్ నోటీసు (ఇక్కడ ఫలానాది కట్టడానికి అనుమతి అడిగారని చెప్పే కాగితం) చూసి, "అద్దెకుంటున్నాం, పైగా వీసా మీద ఉన్నాం, మనకెందుకులే" అని దాటిపోయేవాళ్లు మన వాళ్లలో చాలామంది. నిజానికి స్కాట్లాండ్‌లో ఒక ప్లానింగ్ అప్లికేషన్ మీద అభిప్రాయం రాయాలంటే సొంతిల్లు ఉండక్కర్లేదు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు, ఆ వీధిలోనే ఉండాలని కూడా లేదు. ఇంకో సంగతి, 2020లో వచ్చిన చట్టం వల్ల ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకి కూడా కౌన్సిల్ ఎన్నికల్లో, స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, పదహారేళ్లు నిండితే చాలు. అంటే మీ వార్డు కౌన్సిలర్‌కి మీరు పరాయివాళ్లేం కాదు, ఓటరు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. నోటీసు కనిపించిందంటే మీరు చివరి అంకంలో అడుగుపెడుతున్నట్టు లెక్క. ఎంత ముందు వెళితే అంత పని జరుగుతుంది. కానీ దాదాపు అందరూ నోటీసు చూశాకే కదులుతారు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

నోటీసు వచ్చింది, మూడు వారాలే ఉంది

స్థలానికి 20 మీటర్ల లోపు ఉన్న ఇళ్లకి కౌన్సిల్ ఉత్తరం పంపుతుంది, జవాబు రాయడానికి 21 రోజులు ఇస్తుంది. కన్జర్వేషన్ ఏరియాలోనో (పాత స్వరూపం కాపాడాలని గుర్తించిన ప్రాంతం), లిస్టెడ్ బిల్డింగ్ మీదో (చట్టం కాపాడే పాత కట్టడం) పని అయితే బయట నోటీసు, లోకల్ పేపర్లో ప్రకటన కూడా వస్తాయి. ఉత్తరం మీద ఉన్న నంబర్‌తో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికితే డ్రాయింగులన్నీ దొరుకుతాయి. ముందు సైట్ ప్లాన్, ఎలివేషన్లు (బిల్డింగ్ బయటి వైపుల బొమ్మలు) చూడండి, తర్వాత డిజైన్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఉంటే చదవండి. డెవలపర్ ఏం వాదిస్తున్నాడో తెలియకుండా మనం రాసే జవాబు గాల్లోకి పోతుంది.

ఇప్పుడు ఏం రాయాలి. చట్టం ప్రకారం నిర్ణయం డెవలప్‌మెంట్ ప్లాన్‌ని బట్టి ఉండాలి, దాన్ని పక్కన పెట్టాలంటే ప్లానింగ్‌కి సంబంధించిన గట్టి కారణం కావాలి. ఆ ప్లాన్‌లో రెండు భాగాలు: 2023 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చిన జాతీయ పత్రం ఎన్‌పీఎఫ్4 (నేషనల్ ప్లానింగ్ ఫ్రేమ్‌వర్క్ 4) ఒకటి, మీ కౌన్సిల్ లోకల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రెండోది. కాబట్టి "మా ఇంటి రేటు పడిపోతుంది", "కిటికీలోంచి కొండ కనపడదు", "మా షాపుకి పోటీ వస్తుంది", "ఆ బిల్డర్ మంచోడు కాదు" లాంటివి ఎంత బాధ కలిగించినా లెక్కలోకి రావు. వెలుతురు తగ్గడం, పక్కింటి గదుల్లోకి నేరుగా కనబడటం, రోడ్డు భద్రత, వరద నీరు, పాత కట్టడాల స్వరూపం, ఎత్తు, మెటీరియల్... ఇవి వస్తాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం, హై స్ట్రీట్ వెనక ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల ఫ్లాట్ల బ్లాకు కడతామన్నారనుకోండి. మామూలుగా వచ్చే ఉత్తరాలు ఇలా ఉంటాయి: "ఇది మన చారిత్రక టౌన్ అందాన్ని నాశనం చేస్తుంది, దయచేసి ఆపండి." పాపం ప్లానింగ్ ఆఫీసర్ దీంతో ఏం చేసుకుంటాడు, "స్వరూపం గురించి ఆందోళన" అని రిపోర్టులో ఒక లైను రాసి పక్కన పెడతాడు. అదే మనిషి ఇలా రాశాడనుకోండి: "ఈ స్థలం పాత బర్గ్ (వర్తక హక్కులున్న పాతకాలపు పట్టణం) కాలంలో వేసిన రిగ్, అంటే సన్నటి, పొడవాటి స్థలం ముక్క. పక్కనున్న రాతి గోడలు ఇప్పటికీ అవే హద్దుల మీద ఉన్నాయి. ప్రతిపాదన రెండు రిగ్‌లని కలిపేసి మధ్య గోడ పడగొడుతోంది, డ్రాయింగులో పడమటి వైపు చూడండి. ఇది కన్జర్వేషన్ ఏరియా స్వరూపాన్ని దెబ్బతీస్తుంది, పాత కట్టడాల గురించి చెప్పే ఎన్‌పీఎఫ్4 పాలసీ 7కి విరుద్ధం. రెండంతస్తులకి తగ్గించి, గోడ ఉంచి, దారి పాత క్లోజ్ (ఇళ్ల మధ్య సన్నటి సందు) గుండా ఇస్తే నాకు అభ్యంతరం లేదు." ఇది పక్కన పెట్టడం కష్టం. ఎందుకంటే ఏది, ఎక్కడ, ఏ పాలసీ, ఏం మారిస్తే సరిపోతుంది అనే నాలుగూ ఇందులో ఉన్నాయి. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా పనిచేసేది అదే, ఆఫీసర్ దాన్ని పట్టుకుని డెవలపర్‌తో బేరం ఆడగలడు. సెయింట్ ఆండ్రూస్, లిన్లిత్‌గో లాంటి పాత బర్గ్‌లలో ఈ రిగ్‌లు మ్యాపులో ఇట్టే కనిపిస్తాయి. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పాత మ్యాపులు ఉచితంగా చూడొచ్చు, ఒక స్క్రీన్‌షాట్ జతచేయండి.

మీ పేరు, అడ్రస్ లేకుండా రాస్తే పట్టించుకోరు, ఆ పేరు సాధారణంగా వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది, అందుకని పక్కింటాయన మీద కోపం ఉత్తరంలో చూపించకండి. ఒకే ఉత్తరాన్ని రెండొందల మందితో కాపీ చేయించడం, వాట్సాప్‌లో సంతకాలు సేకరించడం మనవాళ్లకి బాగా వచ్చిన విద్యే. కానీ ఇక్కడ అది పెద్దగా పనిచేయదు, సంఖ్య కంటే కారణానికే విలువ. ఒక్క ఉపయోగం మాత్రం ఉంది. చాలా కౌన్సిళ్లలో అభ్యంతరాలు ఒక సంఖ్య దాటితే ఫైలు ఆఫీసర్ చేతిలోంచి కౌన్సిలర్ల కమిటీకి వెళుతుంది. ఆ సంఖ్య కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, ఫోన్ చేసి కనుక్కోండి.

కౌన్సిలర్‌కి రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లానింగ్ కమిటీలో ఉన్న కౌన్సిలర్ ముందే "నేను మీ వైపే" అనకూడదు, ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. అతను మొహం చాటేస్తున్నాడని అపార్థం చేసుకోకండి. మీ వార్డుకే ఉన్న, కమిటీలో లేని ఇంకో కౌన్సిలర్‌ని పట్టుకోండి, ఆయన మీ తరఫున మాట్లాడగలడు.

ఇక కొందరికి కోపం తెప్పించే విషయం. అనుమతి రాకపోతే డెవలపర్ అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి వస్తే మనకి అప్పీలు లేదు. మిగిలేది ఎడిన్‌బరోలో కోర్ట్ ఆఫ్ సెషన్, అది కూడా నిర్ణయం తీసుకున్న పద్ధతి చట్టప్రకారం ఉందా లేదా అన్నదే చూస్తుంది, ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని మానేసి ముందే వెళ్లాలి.

ముందే వెళ్లడమంటే ఎక్కడికి

యాభై లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లు, లేదా రెండు హెక్టార్లు, అంతకు మించిన స్థలమైతే అది "మేజర్" కిందకి వస్తుంది. అప్పుడు డెవలపర్ అప్లికేషన్ పెట్టడానికి కనీసం 12 వారాల ముందే కౌన్సిల్‌కి నోటీసివ్వాలి, కనీసం రెండు పబ్లిక్ ఈవెంట్లు పెట్టాలి. హాల్లో బోర్డులు, బిస్కెట్లు, టీ ఉంటాయి, నవ్వుతూ పలకరిస్తారు. మొహమాటపడకుండా అడగండి: అఫర్డబుల్ ఇళ్లు (తక్కువ ఆదాయం వాళ్లకి అందుబాటులో ఉండేవి) ఎన్ని? ఎన్‌పీఎఫ్4 ప్రకారం మామూలుగా కనీసం 25 శాతం ఉండాలి. అవి సైట్‌లోనేనా, వేరే చోటా? స్కూలు, బస్సు, నడిచే దారికి డబ్బు ఎవరిస్తారు? ఈ దశలో డ్రాయింగులు ఇంకా గట్టిపడలేదు, మార్పులు సులువు.

దానికంటే ముందు దశ లోకల్ డెవలప్‌మెంట్ ప్లానే. ఏ పొలంలో ఇళ్లు, ఏ పాత మిల్లులో ఫ్లాట్లు అనేది పదేళ్లకి సరిపడా అక్కడ తేలిపోతుంది. ఒకసారి స్థలం అందులో ఇళ్లకి కేటాయించాక, అప్లికేషన్ వచ్చినప్పుడు "అసలు ఇళ్లే వద్దు" అనడం దాదాపు వృథా. కొత్త తరం ప్లాన్లు 2028 మే నాటికి పూర్తవ్వాలని స్కాటిష్ ప్రభుత్వం ఆశిస్తోంది, కాబట్టి మీ కౌన్సిల్ ఏ దశలో ఉందో ఈ వారమే చూడండి. ఎవిడెన్స్ రిపోర్ట్ (వివరాల సేకరణ), గేట్ చెక్ (ఆ వివరాలు సరిపోతాయా అన్న పరిశీలన), ప్రపోజ్డ్ ప్లాన్ (ముసాయిదా), ఎగ్జామినేషన్ (దాని మీద స్వతంత్ర పరిశీలన), ఈ వరసలో నడుస్తుంది.

2019 ప్లానింగ్ చట్టం ఇంకో మంచి పని చేసింది. లోకల్ ప్లేస్ ప్లాన్ అని, ఊరివాళ్లే తమ ప్రాంతానికి ప్లాన్ రాసి ఇవ్వొచ్చు. నియమాలకి తగ్గట్టుంటే కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎక్కించాలి, తన ప్లాన్ తయారుచేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. మ్యాపు ఉండాలి, జనం మద్దతుకి ఆధారం ఉండాలి, ఇచ్చే ముందు ఆ ప్రాంత కౌన్సిలర్లకీ, చుట్టుపక్కల కమ్యూనిటీ కౌన్సిళ్లకీ నోటీసిచ్చి 28 రోజులు టైమివ్వాలి. జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికి ప్లేస్ స్టాండర్డ్ అనే ఉచిత పద్ధతి ఉంది, 14 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కు. రిటైరైనవాళ్లు మాత్రమే వచ్చే సాయంత్రం మీటింగులతో సరిపెట్టకుండా స్కూలు గేటు దగ్గరా, గుడి దగ్గరా, షిఫ్టు అయ్యాక కేర్ హోమ్ స్టాఫ్ దగ్గరా అడిగితే మార్కులు ఎంత తేడాగా వస్తాయో చూడండి.

ఈ ప్లాన్ ఇవ్వగలిగేది కమ్యూనిటీ కౌన్సిల్, లేదా ఊరివాళ్ల చేతిలో ఉన్న సంఘం. కమ్యూనిటీ కౌన్సిల్ అంటే 1973 చట్టంతో వచ్చిన స్థానిక వేదిక, అసలు కౌన్సిల్ కాదు, జీతాలుండవు, అధికారాలు తక్కువ. కానీ ప్లానింగ్ అప్లికేషన్ల మీద దాని అభిప్రాయం అడిగించుకునే హక్కు చట్టంలో ఉంది. చాలా చోట్ల సీట్లు ఖాళీగానే ఉంటాయి, మీటింగ్‌కి వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నా "మీరు చేరతారా" అని అడిగేస్తారు. చేరండి.

పాత కట్టడాలు

స్కాట్లాండ్‌లో లిస్టెడ్ బిల్డింగులు దాదాపు 47,000, ఏ, బీ, సీ అని మూడు కేటగిరీలు. వీటిని చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ పోర్టల్లో మీ వీధి వెతకండి. ఏదైనా భవనాన్ని లిస్ట్ చేయమని ఎవరైనా అడగొచ్చు, అయితే ఇక్కడా అదే కథ: ఆ స్థలం మీద ప్లానింగ్ అప్లికేషన్ నడుస్తుంటే వాళ్లు మామూలుగా పరిశీలనకి తీసుకోరు. మీకు ఇష్టమైన పాత స్కూలు, పాత సినిమాహాల్ గురించి ఇప్పుడే, అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడే రాయండి. లిస్ట్ కాకపోయినా కన్జర్వేషన్ ఏరియాలో ఉంటే, కొన్ని చిన్న మినహాయింపులు తప్ప, కూల్చడానికి విడిగా అనుమతి కావాలి, చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి చెప్పాలి. మీరే అలాంటి ఇల్లు కొన్నారా? లిస్టెడ్ ఇంట్లో అనుమతి లేకుండా మార్పులు చేయడం నేరం, కిటికీలు మార్చే ముందు కౌన్సిల్‌ని అడగండి.

టెనమెంట్ (ఒకే మెట్లదారి మీద ఫ్లాట్లున్న పాత రాతి బిల్డింగ్) ఫ్లాటులో ఉంటే మీ వారసత్వ సంపద మీ గట్టర్లోనే, అంటే పైకప్పు అంచున వాన నీళ్లు పట్టే కాలువలోనే ఉంది. గట్టర్ మూసుకుపోతే నీళ్లు ఇసుకరాయిలోకి దిగి గోడ పొరలు పొరలుగా ఊడుతుంది. ఓనర్లందరూ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, టైటిల్ పత్రాల్లో వేరే నియమం లేకపోతే 2004 టెనమెంట్ల చట్టం ప్రకారం మెజారిటీ చాలు. గ్లాస్గోలో టెనమెంట్లని వరసగా కూల్చేస్తున్న రోజుల్లో, 1970ల మొదట్లో, గోవన్‌లో ఆర్కిటెక్టులు వీధిలోనే ఆఫీసు పెట్టి అక్కడి కుటుంబాలతో కలిసి ఇళ్లలోకి బాత్‌రూములు తెచ్చి బాగుచేశారు. ఆ దారిలోనే కమ్యూనిటీ హౌసింగ్ అసోసియేషన్లు పెరిగాయి, ఇప్పటికీ వాటి కమిటీల్లో అద్దెకున్నవాళ్లు కూర్చుంటారు. మీరు అలాంటి అసోసియేషన్ ఇంట్లో ఉంటే మెంబర్‌షిప్ అడగండి.

ఆపడం కాదు, కొనడం

చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ చాలా చర్చిలు అమ్ముతోంది. అమ్మకానికి వచ్చిన ఆస్తిని ముందుగా కొనే అవకాశం ఊరి సంఘానికి ఇచ్చే కమ్యూనిటీ రైట్ టు బై ఒకప్పుడు పల్లెలకీ చిన్న ఊళ్లకే ఉండేది, 2016 ఏప్రిల్ నుంచి నగరాలకీ వచ్చింది. దాన్ని వాడి నగరంలో మొదట కొన్నది ఎడిన్‌బరో పోర్టోబెల్లోలో యాక్షన్ పోర్టీ అనే స్థానిక సంఘం: 2017లో పాత పారిష్ చర్చి కొని, మరుసటి ఏడాది బెల్‌ఫీల్డ్ పేరుతో కమ్యూనిటీ హాలుగా తెరిచారు. కౌన్సిల్ ఆస్తి అయితే అసెట్ ట్రాన్స్‌ఫర్ (దాన్ని సంఘానికి అమ్మమనో, లీజుకిమ్మనో) అడగొచ్చు, పూర్తి రిక్వెస్ట్ అందాక ఆరు నెలల్లో జవాబివ్వాలి, కాదనాలంటే సహేతుకమైన కారణం చూపాలి. డంఫ్రీస్‌లో మిడ్‌స్టీపుల్ క్వార్టర్ అనే ఊరి సంఘం హై స్ట్రీట్‌లో ఖాళీ పడిన భవనాలని ఊరి చేతికి తెచ్చి, కింద వ్యాపారాలు పైన ఇళ్లు అనే పద్ధతిలో నడుస్తోంది. డబ్బుకి స్కాటిష్ ల్యాండ్ ఫండ్ ఉంది, 2021-26 విడతలో పది లక్షల పౌండ్ల వరకు, ఖర్చులో 95 శాతం దాకా ఇచ్చింది. అయితే కొన్నాక పైకప్పు రిపేర్లు, హీటింగ్ బిల్లు మీవే, అందుకని నడిపే లెక్క ముందు వేసుకోండి, ఉత్సాహం తర్వాత. డెవలప్‌మెంట్ ట్రస్ట్స్ అసోసియేషన్ స్కాట్లాండ్ వాళ్లు ఈ లెక్కల్లో సాయం చేస్తారు.

అంత పెద్దది వద్దనుకుంటే, ఏళ్లుగా తాళం పడ్డ ఇల్లు ఏదైనా మీ వీధిలో ఉంటే కౌన్సిల్‌లో ఎంప్టీ హోమ్స్ ఆఫీసర్ ఉన్నారేమో కనుక్కుని ఒక మెయిల్ పెట్టండి, అడ్రస్, ఎన్నాళ్లుగా ఖాళీ, పైకప్పు ఎలా ఉంది, ఒక ఫోటో, అంతే.