థైరాయిడ్ తీసేశాక డోసు కుదరట్లేదా? ముందు ఇవి చూడండి

గ్రంథి మొత్తం తీసేస్తే లెవోథైరాక్సిన్ (థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్) మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే. సగమే తీసినవాళ్లలో కొందరికి అవసరం పడకపోవచ్చు. మొదటి డోసు సాధారణంగా కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. పెద్ద వయసువాళ్లకూ గుండె జబ్బు ఉన్నవాళ్లకూ తక్కువతో మొదలుపెడతారు. అక్కడి నుంచి టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే, ఎక్కువైతే తగ్గే రక్తపరీక్ష అంకె) చూసుకుంటూ సర్దడమే. టీఎస్‌హెచ్ కుదరకపోతే అందరి చూపూ డోసు మీదకే పోతుంది. నన్నడిగితే అది ఆఖరున చూడాల్సిన విషయం.

సమస్య: రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు; నీరసం, మలబద్ధకం, బరువు

మాత్రతో పాటు కడుపులోకి ఇంకేం వెళ్తోందో చూడండి. ఆపరేషన్ తర్వాత పారాథైరాయిడ్ గ్రంథులు మందగించి కాల్షియం పడిపోవచ్చు కాబట్టి అదే చీటీలో షెల్కాల్ లాంటి కాల్షియం మాత్ర కూడా రాస్తారు. ఒక పని అయిపోతుందని పొద్దున్నే రెండూ కలిపి మింగేస్తారు. కాల్షియం థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి సరిగ్గా పోనివ్వదు. ఐరన్ మాత్రలదీ అదే దారి. గ్యాస్ మాత్రలు కూడా ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి.

ఆరింటికి పరగడుపున మంచినీళ్లతో థైరాక్సిన్ వేసుకోండి. అరగంట నుంచి గంట దాకా ఛాయ్ వద్దు (ఇరానీ ఛాయ్‌కైనా మినహాయింపు లేదు). కాల్షియం మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో వేసుకోండి. రెండింటి మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. రంజాన్‌లో పడుకునే ముందు, తిన్న 3 గంటలకు (కాల్షియం కూడా వేసుకుని ఉంటే 4 గంటలకు) థైరాక్సిన్ వేసుకోవచ్చు. హలీంతో అర్ధరాత్రి దాటిపోయే ఇళ్లలో అది కుదరదు, సహరీకి (తెల్లవారుజాము భోజనానికి) ముందే లేచి వేసుకోవడం మేలు.

ఇవన్నీ బాగుంటే డబ్బా చూడండి. 12.5కీ 125కీ తేడా ఒక్క చుక్క. మెడికల్ షాపులో వేరే కంపెనీది ఇచ్చారా? థైరోనార్మ్ అయినా ఎల్ట్రాక్సిన్ అయినా ఏదో ఒకదానికే కట్టుబడండి. మార్చాల్సి వస్తే 6 వారాలకు పరీక్ష చేయించండి. మే నెల ఎండల్లో డబ్బాను ఫ్రిజ్ మీదో కిచెన్ కిటికీలోనో పెట్టకండి. ఈ మందుకు వేడి, వెలుతురు, చెమ్మ మూడూ పడవు.

సమస్య: గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేదు

డోసు ఎక్కువై ఉండొచ్చు. సొంతంగా ఆపేయకండి, పరీక్ష చేయించి డాక్టర్‌ను అడగండి. ఛాతీ నొప్పి ఉంటే ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం

ఇది థైరాక్సిన్ సంగతి కాదు, కాల్షియం తగ్గిందన్నమాట. రేపు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు సర్జన్‌కు చెప్పండి.

సమస్య: రిపోర్టు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

ఈ మందు సగం తగ్గడానికే వారం పడుతుంది. అందుకే డోసు మార్చాక 6 నుంచి 8 వారాల దాకా టీఎస్‌హెచ్ అసలు కథ చెప్పదు. పది రోజులకే ల్యాబ్‌కు పరుగెడితే డబ్బు దండగ, టెన్షన్ అదనం. రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోండి, లేకపోతే ఫ్రీ టీ4 (రక్తంలో థైరాక్సిన్ లెక్క) కాస్త ఎక్కువ చూపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అది లెక్కను తారుమారు చేస్తుంది.

ఇక క్యాన్సర్ వల్ల గ్రంథి తీసినవాళ్ల సంగతి వేరు. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువున్నవాళ్లకు టీఎస్‌హెచ్‌ను కావాలనే 0.1 కన్నా కింద ఉంచుతారు. రిపోర్టులో 'తక్కువ' అన్న గుర్తు చూసి కాలనీ డాక్టర్ డోసు తగ్గించబోతే, ఆపరేషన్ కాగితాలు ముందు పెట్టండి.

సమస్య: టీఎస్‌హెచ్ సరిగ్గానే ఉంది, అలసట పోలేదు

హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ, నిద్ర చూసుకోండి. టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోన్) కలిపి ఇస్తే కొందరు బాగుందంటారు. అయితే దాని ప్రభావం రోజులోనే ఎగిసి పడిపోతుంది, అందరికీ మొదటి మందుగా ఇచ్చేది కాదు. ఎండోక్రినాలజిస్ట్ చూసి చెప్పాకే.

గర్భం వస్తే మాత్రం 6 వారాలు ఆగకండి. పాజిటివ్ అని తెలిసిన రోజే ఫోన్ చేయండి, డోసు పెంచాల్సి రావడమే మామూలు.