ఉన్న వయసుకన్నా పెద్దగా కనిపిస్తుంటే ముందు సరిచేయాల్సినవి

భుజానికీ మోచేతికీ మధ్య, చంక వైపుండే చర్మాన్ని చూడండి. తర్వాత ముంజేతి బయటి వైపు చూడండి. రెండింటి వయసూ ఒకటే అయినా లోపలిది నునుపుగా, ఒకే రంగులో ఉంటుంది. బయటిది మచ్చలు, గీతలతో గరుకుగా ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఎండ వల్ల వచ్చిందే. కాబట్టి డబ్బయినా ఓపికయినా ముందు సన్‌స్క్రీన్ మీద పెట్టాలి.

ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ అనే రెండు రకాల ఎండ కిరణాలనూ అడ్డుకునేది) అని రాసి ఉన్నది తీసుకోండి. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల సంగతే చెబుతుంది. చర్మాన్ని బిగుతుగా ఉంచే కొలాజెన్‌ను దెబ్బతీసి ముడతలు తెచ్చే యూవీఏ మబ్బుల్లోంచి, కిటికీ అద్దంలోంచి కూడా లోపలికొస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది పొరబడేది ఈ కొలత దగ్గరే. ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి పరీక్షించాక వచ్చింది. సగమే రాస్తే అంత రక్షణ రాదు. చెవులు, మెడ వెనక, అరచేతుల వెనక వైపు వదిలేయకండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకుంటే వెంటనే మళ్లీ రాయాలి. మంగు మచ్చలున్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన టింటెడ్ రకం మేలు. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది, రంగులేని రకాలు దాన్ని సరిగా ఆపలేవు.

ముడతలకు రాత్రిపూట రెటినాయిడ్, అంటే విటమిన్ ఏ రకం పూత మందు. డాక్టరును అడిగి వీటిలో ఒకటైన ట్రెటినాయిన్ 0.025 శాతంతో మొదలుపెట్టవచ్చు. ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయండి; కళ్ల అంచులు, పెదవుల మూలలు వదిలేయండి. మొదట్లో వారానికి రెండు రాత్రులు చాలు. చర్మం ఓర్చుకుంటే మెల్లగా పెంచవచ్చు. తేడా తెలియడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. తొందరపడి రోజూ రాస్తే పొట్టు లేచి మండుతుంది, చామనచాయ చర్మంలో ఆ మంట నల్లమచ్చగా మిగిలిపోతుంది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వాడకూడదు. స్టెరాయిడ్ కలిసిన, చర్మాన్ని తెల్లబరిచే క్రీముల జోలికి దయచేసి పోకండి. కొన్నాళ్లు మెరుపు వచ్చినా, తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి.

పొగ తాగేవారు మానేయనిదే పెదాల చుట్టూ పడే నిలువు గీతలు ఏ క్రీముతోనూ ఆగవు.

జుట్టుకు కటిక నలుపు వేయకండి. నెరుస్తున్న కనుబొమల పైన ఆ నలుపు ముఖాన్ని వాడిపోయినట్టు చూపిస్తుంది, పాపిట దగ్గర తెల్లగీత కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డార్క్ బ్రౌన్ వేస్తే రెండూ తగ్గుతాయి. కళ్ల కింద పౌడరు గీతల్లో చేరి వాటిని ఇంకా లోతుగా చూపిస్తుంది. తప్పదనుకుంటే మాయిశ్చరైజరు ఇంకిన తర్వాత నుదురు, ముక్కు మీద మాత్రం అద్దండి.